పెంపుడు కుక్క ఆయుర్దాయం – కొంత చరిత్ర, కొంత స్వానుభవం



ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాసివ్వమని మన సంఘ కార్యదర్శి గారు అడిగారు. వేతన సవరణ సంఘాల చరిత్ర రాద్దామా అనుకున్నాను. కానీ దాన్ని నాకంటె బాగా రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. పైగా నెలవారీ సమావేశం అయ్యాక టీ తాగుతూ మిత్రులు నన్ను అడిగే ప్రశ్న వేరు. "మీ టామీ పదిహేనేళ్ళు ఎలా బతికిందండీ? మాది ఏడో ఏటే పోయింది" అంటారు.

ఈ ప్రశ్న మన వయసు వాళ్ళకు అవసరమైనదే. పిల్లలు ముచ్చటపడి తెచ్చిన కుక్కపిల్ల, వాళ్ళు ఉద్యోగాలకని హైదరాబాదో, బెంగుళూరో, అమెరికానో వెళ్ళిపోయాక మన పంచన మిగులుతుంది. దాని మంచిచెడ్డలు మనమే చూడాలి.

ప్రేమగా చూసుకున్నాం కనుక టామీ అన్నేళ్ళు బతికిందని చెప్పడానికి నాకు నోరు రాదు. టామీకి ముప్పై ఏళ్ళ ముందు మా ఇంట్లో మోతి ఉండేది. దాన్నీ ప్రేమగానే చూసుకున్నాం. అది పదకొండు నెలలే బతికింది. కనుక ముందు మోతి సంగతి చెప్పి, తర్వాత చరిత్రలోకి వస్తాను.

మోతి

1977లో నేను ఎల్.డి.సి.గా పనిచేస్తున్నాను. కొత్తగా కాపురం పెట్టాం. రెండు గదుల అద్దె ఇల్లు. వీధిలో దొరికిన తెల్లటి పిల్లను మా ఆవిడ ఒళ్ళో పెట్టుకుని తెచ్చి, మోతి అని పేరు పెట్టింది. మేము తిన్నదే దానికీ పెట్టేవాళ్ళం. కుక్కకు ఇంజక్షన్లు వేయించడం దొరల ఇళ్ళల్లో సంగతి అనుకునేవాళ్ళం.

ఆ ఎండాకాలంలో మోతి కళ్ళకు పుసులు కట్టాయి. ముక్కు కారింది, దగ్గింది, విరేచనాలయ్యాయి. పది రోజులకు కాస్త తేరుకున్నట్టు కనిపించింది. ఆ తర్వాత దవడ అదరడం, నోటివెంట నురగ, ఫిట్సు మొదలయ్యాయి. మొత్తం మీద అయిదు వారాలు బాధపడింది. చుట్టుపక్కల వాళ్ళు దానికి పిచ్చెక్కిందన్నారు. ఇంటాయన వచ్చి, "తెల్లారేసరికి ఆ కుక్క నా వాకిట్లో ఉండకూడదు" అన్నాడు. నేనే మునిసిపాలిటీకి కబురు పెట్టాను. ఇద్దరు మనుషులు బండితో వచ్చారు. గొలుసు విప్పి ఇచ్చింది కూడా నేనే. అంత నీరసంలోనూ మోతి నన్ను చూసి తోక ఊపింది.

పిచ్చికుక్క చొంగ తగిలిందన్న భయంతో నేనూ, మా ఆవిడా ప్రభుత్వాసుపత్రిలో బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు పొడిపించుకున్నాం. రోజుకొకటి. కడుపు గట్టిపడి, వంగి నడుచుకుంటూ ఆఫీసుకు వెళ్ళేవాణ్ణి. ఆ ఇంజక్షన్ల నొప్పి తెలిసిన మిత్రులు ఈ వ్యాసం చదివేవారిలో కొందరైనా ఉంటారు.

2007లో టామీని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు, మాటల సందర్భంలో ఈ సంగతంతా డాక్టరు గారికి చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "పిచ్చికుక్క రోగం లక్షణాలు బయటపడ్డ కుక్క మామూలుగా పది రోజులకు మించి బతకదండీ. మీది అయిదు వారాలు బతికిందంటున్నారు. అది డిస్టెంపరు అయివుంటుంది. చిన్నప్పుడే టీకా వేయిస్తే రాకపోను" అన్నారు.

వారం రోజుల దాకా ఆ మాట మా ఆవిడకు చెప్పలేకపోయాను. ఆ తర్వాత ఈ రోగాల గురించి దొరికిన పుస్తకమల్లా చదవడం మొదలుపెట్టాను. ఇకమీద రాసేదంతా అలా తెలుసుకున్నదే.

పద్నాలుగు వేల ఏళ్ళ కిందటి కుక్కపిల్ల

జర్మనీలో బాన్ నగరం దగ్గర ఓబర్‌కాసెల్ అనే చోట 1914లో ఒక పురాతన సమాధి బయటపడింది. అందులో ఒక పురుషుడు, ఒక స్త్రీ, వారితోపాటు ఒక కుక్క ఎముకలు ఉన్నాయి. ఆ సమాధి సుమారు 14 వేల ఏళ్ళ నాటిది. 2018లో ప్రచురితమైన ఒక పరిశోధనలో ఆ కుక్క పళ్ళను పరీక్షించి చూశారు. అది ఏడు నెలల పిల్ల. అయిదో నెల ప్రాంతంలో దానికి జబ్బు చేసింది. పళ్ళ మీది గుర్తులను బట్టి ఆ జబ్బు డిస్టెంపరు కావచ్చని తేల్చారు. అంత జబ్బులో ఎవరూ తిండీ నీళ్ళూ అందించకపోతే అది అన్ని వారాలు బతికేది కాదనీ, వేటకూ కాపలాకూ పనికిరాని ఆ పిల్లకు మనుషులు సేవ చేశారనీ పరిశోధకులు రాశారు.

అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మందూ మాకూ తెలియని ఆ కాలపు మనుషులు చేసినపాటి సేవ నేను చేయలేకపోయాను.

మన దేశంలోనూ ఈ బంధం పాతదే. కాశ్మీరులోని బుర్జహోంలో నవీన శిలాయుగపు మనుషుల సమాధుల్లో కుక్కలను కూడా పూడ్చిన ఆనవాళ్ళు దొరికాయి. వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానన్న ధర్మరాజు కథ మనందరికీ తెలిసిందే. ఇక క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో అశోకుడు తన రెండో శిలాశాసనంలో మనుషులకూ, పశువులకూ చికిత్సకు ఏర్పాట్లు చేశాననీ, మందు మొక్కలు లేనిచోటికి తెప్పించి నాటించాననీ చెప్పుకున్నాడు. ఆ శాసనాలు మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా ఉన్నాయి. గుత్తి నుంచి పత్తికొండ వెళ్ళే దారిలో ఎప్పుడైనా వెళితే దిగి చూడండి.

మొదటి రక్షణ కుక్కలకే

పిచ్చికుక్క కాటుకు టీకా కనిపెట్టినవాడు లూయీ పాశ్చర్ అని మనం బళ్ళో చదువుకున్నాం. 1885 జూలై 6న తొమ్మిదేళ్ళ జోసెఫ్ మైస్టర్ అనే కుర్రవాడికి ఆయన ఆ టీకా మొదలుపెట్టించాడు. ఆ పాఠంలో మనకు చెప్పని సంగతి ఒకటుంది. ఆ పిల్లవాడికి ఇవ్వడానికి ముందే పాశ్చర్ యాభై కుక్కలకు ఆ రోగం అంటకుండా చేయగలిగాడు. ఆ నమ్మకంతోనే ఆ తల్లి మొర విని ముందుకు వచ్చాడు. అంటే ఆ టీకా మనిషికంటె ముందు కుక్కనే కాపాడిందన్నమాట.

మన దేశంలో మొదటి పాశ్చర్ సంస్థ 1900లో హిమాలయాల్లోని కసౌలీలో వెలిసింది. దక్షిణాది వారికి అంతదూరం ప్రయాణం కష్టం కనుక, అమెరికన్ దాత హెన్రీ ఫిప్స్ ఇచ్చిన విరాళంలో కొంత వెచ్చించి 1907లో నీలగిరుల్లోని కూనూరులో మరొక సంస్థను తెరిచారు. కసౌలీలో పనిచేసిన డేవిడ్ సెంపుల్ 1911లో కొత్త పద్ధతి టీకా తయారుచేశాడు. గొర్రె మెదడులో పెంచిన వైరస్‌ను కార్బాలిక్ ఆమ్లంతో నిర్వీర్యం చేసి ఇచ్చేవారు. మన తరం బొడ్డు చుట్టూ పొడిపించుకున్నది అదే. లక్షల ప్రాణాలు నిలబెట్టిన మాట నిజమే గానీ, అందులోని మెదడు పదార్థం వల్ల కొందరికి పక్షవాతం వంటి ప్రమాదం వచ్చేది. 2004 చివరితో మన దేశంలో ఆ టీకా తయారీ ఆపేశారు. ఇప్పుడు చేతికి వేసే నాలుగైదు ఇంజక్షన్లతో సరిపోతుంది. కుక్క కరిచినా గీరినా, ముందుగా సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఆ రోగం ఒకసారి బయటపడితే దాదాపుగా ఎవరూ బతకరు.

మనిషికి టీకా వేసినంత మాత్రాన రోగం దేశం వదిలిపోదు. కుక్కకు వేయాలి. ఈ సంగతి జపాను వాళ్ళు బాగా గ్రహించారు. 1921లోనే అక్కడి శాస్త్రవేత్తలు ఉమెనో, దోయి అనే ఇద్దరు కుక్కలకు ఒకే మోతాదు టీకా తయారుచేశారు. 1950లో చట్టం చేసి, ప్రతి పెంపుడు కుక్కను రిజిస్టరులో నమోదు చేయడం, టీకా వేయించడం తప్పనిసరి చేశారు. 1957 తర్వాత ఆ గడ్డ మీద పుట్టిన రేబిస్ కేసు లేదు. బయటి దేశాల్లో కరిపించుకుని వచ్చినవారి కేసులు మాత్రమే తర్వాత కనిపించాయి. రిజిస్టరు సక్రమంగా నడిపితే ఏమవుతుందో గుమాస్తాగిరీ చేసిన మనకు వేరే చెప్పాలా! మన ప్రభుత్వం కూడా కుక్కల వల్ల వచ్చే రేబిస్‌ను 2030 నాటికి తుదముట్టించాలని 2021లో జాతీయ ప్రణాళిక ప్రకటించింది.

మోతిని తీసుకుపోయిన రోగం

డిస్టెంపరు చరిత్ర మరీ విచిత్రమైనది. మశూచికి టీకా కనిపెట్టిన ఎడ్వర్డ్ జెన్నర్ 1809లోనే ఈ కుక్కల రోగం లక్షణాలను వివరంగా రాశాడు. వడపోతలో కూడా నిలవనంత సూక్ష్మమైన క్రిమి దీనికి కారణమని 1905లో ఫ్రెంచి శాస్త్రవేత్త కారే చూపించాడు. చాలామంది ఆయన మాట నమ్మలేదు.

1923లో ఇంగ్లండులో 'ది ఫీల్డ్' అనే పత్రిక ఈ రోగం మీద పరిశోధనకు చందాలు పోగుచేసింది. కుక్కలను పెంచేవాళ్ళు డబ్బిచ్చారు. ఆ నిధితో లెయిడ్లా, డంకిన్ అనే ఇద్దరు లండన్ శివారు మిల్ హిల్‌లో పనిచేసి, కారే చెప్పింది నిజమేనని నిరూపించి, 1920ల చివరికి టీకా తయారుచేశారు. ఆ ప్రయోగాలకు ముంగిస వంటి ఫెర్రెట్ అనే జంతువును వాడారు. 1933లో అదే మిల్ హిల్‌లో, అదే జంతువు సాయంతో, మనుషులకు వచ్చే ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను మొట్టమొదటిసారి పట్టుకున్నారు. కుక్కల కోసం వేసిన చందా మనుషులకూ అలా అక్కరకు వచ్చింది.

ఈ లెక్కన చూస్తే, నేను మోతిని అప్పగించిన 1977 నాటికి డిస్టెంపరు టీకా పుట్టి దాదాపు యాభై ఏళ్ళయింది. అది ఉందని నాకు తెలియదు. ఎవరినీ అడగనూ లేదు.

ఆ మరుసటి సంవత్సరమే, 1978లో, పార్వో అనే కొత్త వైరస్ ఒకేసారి అనేక దేశాల్లో కుక్కపిల్లలను చంపడం మొదలుపెట్టింది. రక్త విరేచనాలు, వాంతులతో రెండు మూడు రోజుల్లో పిల్ల చేజారిపోతుంది. 1980లలో మన దేశంలోనూ కనిపించింది. దానికి మాత్రం రెండు మూడేళ్ళలోనే టీకా వచ్చింది. ఇప్పుడు డిస్టెంపరు, పార్వో మొదలైనవాటికి కలిపి ఒకే టీకా వేస్తున్నారు.

టీకా లేని ముప్పు ఇంకొకటి ఉంది. గోమార్లు. కొన్ని చోట్ల పిడుదులంటారు. వీటి కాటుతో వచ్చే ఎర్లీషియా అనే జ్వరాన్ని 1935లో అల్జీరియాలో గుర్తించారు. మన వేడి ప్రాంతాల్లో ఇది ఎక్కువ. కుక్క తిండి మానేసి, జ్వరంతో, చిగుళ్ళు పాలిపోయి పడుకుంటే, ఎండదెబ్బ అనుకుని మజ్జిగ పోసి ఊరుకోకండి. రక్తపరీక్ష చేయించండి. తొందరగా గుర్తిస్తే మందుకు లొంగుతుంది.

ప్రేమతో పెట్టే నాలుగు ముద్దలు

టామీ విషయంలో మా ఆవిడకూ నాకూ వచ్చిన తగవులన్నీ తిండి దగ్గరే. "నోరులేని జీవం, రెండు ముద్దలు ఎక్కువ పెడితే ఏం పోయిందండీ?" అనేది. దానికి జవాబుగా నేను ఒక పరిశోధన చదివి వినిపించాను.

అమెరికాలో 1987లో మొదలుపెట్టి 48 లాబ్రడార్ కుక్కలను జతలుగా విడదీశారు. ప్రతి జతలో ఒకదానికి తిన్నంత పెట్టి, రెండోదానికి అందులో నాలుగో వంతు తగ్గించి పెట్టారు. జీవితాంతం అలాగే నడిపారు. 2002లో ఫలితాలు ప్రకటించారు. ఎక్కువ తిన్న వర్గం మధ్యస్థ ఆయుర్దాయం 11.2 ఏళ్ళు. తక్కువ తిన్న వర్గానిది 13 ఏళ్ళు. కీళ్ళ నొప్పులు కూడా వాటికి ఆలస్యంగా వచ్చాయి. నాలుగో వంతు ముద్ద తగ్గిస్తే సుమారు రెండేళ్ళ బతుకు! మా ఆవిడ విని, "అయితే ఆ లెక్క మీకూ వర్తిస్తుంది" అని ఆ రోజు నుంచి నా పళ్ళెంలో కూడా తగ్గించింది.

టామీ ఫైలు

టామీ నాటుకుక్క. దాని పేరున ఒక ఫైలు తెరిచాను. లాంగ్ నోటుబుక్కులో గళ్ళు గీసి, తేదీ, బరువు, టీకా, పురుగుల మందు, రిమార్కులు అని రాసుకున్నాను. మనకు సర్వీసు రిజిస్టరు ఎలాగో దానికది అలాగ. అందులో ఉన్నదే మీకు క్లుప్తంగా చెబుతాను.

పిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి కలగలుపు టీకా, ఆపైన మూడు నాలుగు వారాలకొకసారి, నాలుగు నెలలు నిండేదాకా. మూడు నెలలు దాటాక రేబిస్ టీకా. తర్వాత ఏటా డాక్టరు చెప్పిన తేదీకి. ఆ తేదీ మరిచిపోకుండా మన లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే నెలతో ముడిపెట్టుకున్నాను. మనం బతికే ఉన్నామని ఏటా రాసిచ్చే నెలలోనే దాని బతుకు సంగతీ చూడటం బాగుంటుంది.

ఏలికపాములు పోవడానికి మందు డాక్టరు చెప్పిన గడువు ప్రకారం. గోమార్ల కోసం వారానికి రెండుసార్లు చెవుల్లో, వేళ్ళ సందుల్లో వెతకడం. ఏడాది నిండాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. మగకుక్క ఆడకుక్క వాసనకు రోడ్లు పట్టుకు తిరిగి బండ్ల కింద పడటం తగ్గుతుంది. ఆడకుక్కకైతే పెద్ద వయసులో గర్భసంచిలో చీము పట్టే ప్రాణాంతక జబ్బు తప్పుతుంది.

ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష పెట్టకూడదు. కిస్‌మిస్ కూడా ద్రాక్షే గనుక పండుగనాటి పాయసం దానికి వద్దు. ఉడికిన ఎముకలు చీలికలై పేగులకు గుచ్చుకుంటాయి. మనం వేసుకునే నొప్పి మాత్రలు, జ్వరం మాత్రలు పొరపాటున కూడా వేయకూడదు. మన మోకాళ్ళకు మేలు చేసే మాత్ర దాని మూత్రపిండాలనో, కాలేయాన్నో పాడుచేస్తుంది.

కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక చాచి వగర్చడమే దాని చల్లదనం. కనుక మన ఎండాకాలంలో షికారు తెల్లవారుజామున గాని, పొద్దు గుంకాక గాని. రోడ్డు మీద మీ అరచేయి ఆన్చి చూడండి, అయిదు క్షణాలు ఆన్చలేకపోతే దాని కాళ్ళకూ అంతే. ఎనిమిదేళ్ళు దాటాక టామీకి ఏడాదికి రెండుసార్లు పళ్ళు, రక్తం, మూత్రపిండాలు పరీక్ష చేయించేవాణ్ణి. ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో కుక్కలనూ చూస్తారు. ఖర్చుకు జంకి మానుకోవలసిన పని లేదు.

ఇవన్నీ చేసినా కుక్క వయసు మన వయసుకంటె వేగంగా నడుస్తుంది. టామీ 2022లో, పదిహేనో ఏట, మా ఇంటి వరండాలో తన గోనెపట్టా మీద నిద్రలోనే పోయింది. ఆ ఫైలులో చివరి ఎంట్రీ మా ఆవిడ రాసింది. తేదీ వేసి, రిమార్కుల గడిలో "బాధ పడలేదు" అని రాసింది.

ఆ నోటుబుక్కు మొదటి పేజీలో నేను 2007లోనే ఒక పేరు రాసిపెట్టాను. అది టామీ పేరు కాదు, మోతి పేరు. దాని కింద గళ్ళన్నీ ఖాళీగా ఉంటాయి. అప్పుడు ఒక్క టీకా తేదీ రాసి ఉంటే మిగిలిన గళ్ళు కూడా నిండేవి కదా అని ఆ పేజీ తిప్పినప్పుడల్లా అనిపిస్తుంది.

మీ ఇంట్లో కుక్క ఉంటే, ఈ సంచిక పక్కన పెట్టి దాని టీకా కార్డు ఎక్కడుందో ఒకసారి వెతకండి. దొరికితే తేదీ చూడండి. దొరకకపోతే రేపు ఉదయమే దాన్ని వెంటబెట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్ళి రండి. ఎలాగూ మనకు ఉదయపు నడక ఉండనే ఉంది.

సెలవు.